కట్టిన పొట్లం విప్పరాదు

"వచ్చేసిందోయ్!" అని ఫణి ఫోనులో అరిచిన అరుపుకి ప్రసూన చేతిలోని కేబులు జారి కిందపడింది.

"ఏం వచ్చింది? జీతమా?"

"జీతం ఎవడిక్కావాలి! బదిలీ! జాబితాలో నా పేరుంది. భార్యాభర్తల కోటా కింద మీ ఊరి డిగ్రీ కాలేజీకి వేశారు."

సర్వర్ల గదిలో ఏసీ చలికి ముడుచుకుని కూర్చున్న ప్రసూన లేచి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, రెండు గంతులు వేసింది. కాలి మట్టెలు కొత్తవి, గచ్చు మీద టిక్కుటిక్కుమన్నాయి. ఆ చప్పుడు బాగుందని ఇంకో గంతు వేసింది. పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. కీబోర్డు మీదికి వంగినప్పుడల్లా మెళ్ళో పసుపుతాడు మీటల మీద పచ్చటి మరకలు పెడుతోంది. ఆ మరకల్ని తుడవడం ఆమె ఎప్పుడో మానేసింది. ఫణి రాయలసీమ చివర ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. తనది గోదావరి వైపు ఒక జిల్లా కేంద్రంలో నెట్‌వర్కు ఇంజనీరు ఉద్యోగం. మధ్యన ఒక రాత్రంతా రైలు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి తిన్న భోజనాల కన్నా "తిన్నావా?" అని ఫోనులో ఒకరినొకరు అడుక్కున్న భోజనాలే ఎక్కువ.

"ఏవండీ," అంది ప్రసూన. ఆ మాట అనడం ఆమెకింకా సరదాగానే ఉంది. పెద్దవాళ్ళ ముందు ఏవండీ, ఫోనులో ఫణీ. సంతోషం పట్టలేనప్పుడు రెండూ కలిసిపోతాయి. "ఏవండీ, ఫణీ, నిజంగానా?"

"నిజమే గాని ఒక మెలిక ఉంది. సోమవారం సాయంత్రం ఐదు లోపల మన పెళ్ళి ధ్రువపత్రం అప్‌లోడ్ చెయ్యాలి. చెయ్యకపోతే మళ్ళీ వచ్చే ఏడాది బదిలీల్లోనే."

"ఓస్, అంతేనా! పెళ్ళిళ్ళు నమోదు చేసే గవర్రాజు గారు మా సౌధంలోనే కూర్చుంటారు. నేను మూడో అంతస్తు, ఆయన కింద. సాక్షుల్ని తీసుకుని మెట్లు దిగడమే ఆలస్యం."

ఆ మాట అన్న గంటలోపే ఆమె తన చేతులారా ఆ మెట్లకి అడ్డంగా గోడ కట్టేసుకుంది.

ఆమె పనిచేసే చోటు పేరు సేవా సౌధం. జిల్లాలో జనానికి అవసరమైన శాఖలన్నీ ఒకే భవనంలో, ఒక్కో శాఖకి ఒక్కో కౌంటరు. దరఖాస్తులన్నీ కంప్యూటర్లోనే. ఆ దరఖాస్తులు మోసే సర్వర్లు మూడున్నా, వచ్చినవన్నీ మొదటిదాని నెత్తినే పడి అది మూర్ఛపోయేది. మిగతా రెండూ ఈగలు తోలుకునేవి. ప్రసూన కష్టపడి సాఫ్ట్‌వేరుతో నడిచే కొత్త నెట్‌వర్కు పెట్టింది. అందులో కంట్రోలరు అనే పెద్దమనిషి ఒకడుంటాడు. ఏ సర్వరు ఖాళీగా ఉందో చూసి వచ్చిన పనిని దాని దగ్గరికి పంపుతాడు. దీన్నే లోడ్ బ్యాలెన్సింగ్ అంటారు. ఆ రోజు మధ్యాహ్నం దాన్ని సౌధాధికారి పరాంకుశం గారికి చూపించాలి.

పరాంకుశం గారు సభల్లో మాట్లాడినట్టే ఇంట్లోనూ మాట్లాడతారని ప్రతీతి. కుర్చీలో సర్దుకుని, "అమ్మా, ఈ సాంకేతిక ప్రక్రియను సామాన్య మానవునికి అవగతమగు రీతిలో విశదీకరించవలసినది," అన్నారు.

వేరే రోజైతే ప్రసూన గీతలూ బాణాలూ చూపించి ఊరుకునేది. ఆ రోజు ఆమె ఒళ్ళంతా పెళ్ళిలోనే ఉంది.

"మా పెళ్ళి భోజనాలు ఉన్నాయి కదా సర్, అక్కడా ఇదే జరిగింది. వచ్చినవాళ్ళందరూ మొదటి పంక్తి దగ్గరే నిలబడి తోసుకున్నారు. వెనక పంక్తుల్లో విస్తళ్ళు ఖాళీ. అప్పుడు మా బుల్లబ్బాయి మావయ్య గుమ్మం దగ్గర నిలబడి, మీరటు వెళ్ళండి, మీరిటు వెళ్ళండి అని ఖాళీ ఉన్నచోటికి పంపించాడు. అరగంటలో అందరి భోజనాలూ అయిపోయాయి. ఆ మావయ్యే కంట్రోలరు సర్."

"భేష్! మరి వడ్డించువారు?"

"వాళ్ళు స్విచ్చులు సర్. స్విచ్చులకి సొంత తెలివి ఉండదు. తెలివంతా కంట్రోలరు దగ్గరే."

పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. "ఈ సౌధము ఆవిర్భవించిన నాటి నుండి మనము అనుసరిస్తున్న విధానమిదే. దీనికొక శాస్త్రీయ నామమున్నదని నేడు తెలిసినది."

ఆయన ఉత్సాహం చూసి ప్రసూనకి ఇంకా ఊపొచ్చింది. నెట్‌వర్కు మోసుకొచ్చిన సమాచారపు ప్యాకెట్‌ని కంట్రోలరు విప్పి చూడక్కర్లేదనీ, ఎటు ఖాళీ ఉంటే అటు తోసేస్తే చాలనీ చెప్పింది. అంతేకాదు, ప్రతి సర్వరునీ కంట్రోలరు గడియ గడియకీ "ఉన్నావా?" అని పలకరిస్తుందనీ, మూడుసార్లు పలక్కపోతే అది పడిపోయిందని పక్కన పెట్టేస్తుందనీ చెప్పింది. పరాంకుశం గారు ప్యాకెట్ అన్నచోటల్లా పొట్లము అని రాసుకున్నారు.

చివర్లో ఆమె అసలు మాట చెప్పింది. "ఇదంతా ఎందుకు సాధ్యమంటే సర్, ఈ మూడు సర్వర్లూ చేసేది ఒకటే పని. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఒకటే."

సరిగ్గా ఆ వాక్యమూ, కాంటీను నుంచి మిరపకాయ బజ్జీలూ ఒకేసారి గదిలోకి వచ్చాయి. బజ్జీలే నెగ్గాయి. నిజం చెప్పొద్దూ, ప్రసూన కూడా రెండు తింది.

శుక్రవారం పొద్దున్న సౌధం గుమ్మానికి ఉత్తర్వు అంటించి ఉంది.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, సౌధమునందు కొన్ని కౌంటర్ల వద్ద భారము అధికముగాను, కొన్నింటి వద్ద శూన్యముగాను ఉన్నట్లు గమనించడమైనది. ఇట్టి అసమానత సాంకేతిక యుగమునకు తగదు. నేటి నుండి లోనికి వచ్చు ప్రతి వ్యక్తియు ఒక పొట్లముగా పరిగణింపబడును. ద్వారము వద్ద నియంత్రకులు, అనగా సౌధాధికారి, సదరు పొట్లమును అత్యల్ప భారము గల కౌంటరుకు పంపెదరు. పొట్లమును విప్పరాదు. అనగా ఏ పని మీద వచ్చితిరని అడుగరాదు. సిబ్బంది సొంతముగా ఆలోచించరాదు."

గుమ్మం ముందు షామియానా, దాని కింద బల్ల, బల్ల మీద పెద్ద తెర, తెర వెనక పరాంకుశం గారు. అచ్చం బుల్లబ్బాయి మావయ్యే. పంచె కట్టుకోలేదు, అంతే తేడా.

"సర్," అంది ప్రసూన పరుగెత్తుకొచ్చి, "ఏ పని మీద వచ్చారో అడక్కపోతే ఎలా సర్?"

"అడిగిన ఆలస్యమగును. ఆలస్యమే భారము. నీవు చెప్పినదే కదమ్మా!"

"మా పెళ్ళిలో అన్ని పంక్తుల్లోనూ అవే పులిహోర, అవే బూరెలు సర్. ఇక్కడ ఒక్కో కౌంటర్లో ఒక్కో వంట!"

"అందుకే సంస్కరణ. అన్ని వంటలూ అందరూ వండెదరు. ఏ కౌంటరైనను ఏ ధ్రువపత్రమైనను ఇవ్వవచ్చునని రెండవ పేరాలో అధికారమిచ్చియున్నాను. పొట్లములు వేచియున్నవి. పక్కకు జరుగు."

అలా సంస్కరణ మొదలైంది. పుట్టిన తేదీ పత్రం కోసం చంటిపిల్లని ఎత్తుకొచ్చిన తల్లిని తూనికలు కొలతల కౌంటరుకి పంపారు. అక్కడివాళ్ళు పాపని తూచి, తూకంలో తేడా ఏమీ లేదని కాలికి సీలు కట్టి పంపించారు. పింఛను ఆగిపోయిందని వచ్చిన తాతకి అగ్నిమాపక శాఖవాళ్ళు మంటలార్పే గొట్టం పట్టుకోవడం నేర్పారు. తాత రెండోసారికే బాగా పట్టుకున్నాడని మెచ్చుకున్నారు కూడా. గేదెకి జ్వరమని వచ్చిన రైతు వెళ్ళి గవర్రాజు గారి ముందు నిలబడ్డాడు. పాపం గవర్రాజు గారికి సొంతంగా ఆలోచించే అధికారం లేదు కాబట్టి, "వరుడి పేరు?" అని మొదలుపెట్టారు.

అన్నిటికన్నా ఎక్కువ జనం పశువైద్యుడు ఇమ్మానుయేలు గారి మీద పడ్డారు. పశువులు మెట్లెక్కి రావు గనక ఆయన కౌంటరు ఎప్పుడూ ఖాళీ. ఖాళీగా ఉన్న పాపానికి రేషను కార్డులూ, కులం పత్రాలూ, కరెంటు మీటర్లూ అన్నీ ఆయన దగ్గరికే చేరాయి.

"ప్రసూనమ్మా," అన్నాడాయన మధ్యాహ్నం టీ దగ్గర, "ఇరవయ్యేళ్ళు సర్వీసు చేశాను. ఇన్నాళ్ళూ నా దగ్గరికి వచ్చినవాళ్ళెవరూ నోరెత్తి నన్ను తిట్టలేదు. ఈ రోజే మొదలు."

అయితే తెర మీద అంకెలు మాత్రం అద్భుతంగా ఉన్నాయి. అంతకుముందు మనిషికి గంటల తరబడి నిరీక్షణ. ఇప్పుడు వచ్చినవాళ్ళు వచ్చినట్టే లోపలికి వెళ్ళి, వెళ్ళినట్టే బయటికి వస్తున్నారు. పని అయిందా అన్నదానికి ఆ తెర మీద గడి లేదు. కాబట్టి ఎవరూ అడగలేదు.

ఇక ఉత్తర్వులో ఇంకో నిబంధన, గంట. పది నిమిషాలకోసారి ప్రతి కౌంటర్లోనూ గంట మోగుతుంది, ఉద్యోగి "ఉన్నాను!" అని అరవాలి. సౌధమంతా బడిపిల్లల హాజరులా మార్మోగిపోయేది. వరసగా మూడుసార్లు గంట మోగినా పలక్కపోతే ఆ కౌంటరు పడిపోయినట్టే.

గవర్రాజు గారికి భోజనం తరవాత కిళ్ళీ అలవాటు. నోటినిండా కిళ్ళీతో మొదటి గంటకి చెయ్యి ఊపారు. రెండో గంటకి తల ఊపారు. మూడో గంటకి ఉమ్మేసి వద్దామని లేచారు. ఆయన వచ్చేసరికి కౌంటరు మీద "పడిపోయినది" అని అట్ట వేలాడుతోంది. సీలు పట్టుకుపోయారు.

ప్రసూన ఆ సాయంత్రం మెట్లు దిగి వచ్చేసరికి ఆయన అట్ట వెనకాల తీరిగ్గా పేపరు చదువుకుంటున్నారు.

"గవర్రాజు గారూ, సోమవారం మా పెళ్ళి నమోదు చెయ్యాలండీ."

"నేను లేనమ్మా."

"ఎదురుగా కూర్చున్నారు కదండీ!"

"మనిషిగా ఉన్నాను. కౌంటరుగా లేను."

"అయితే మూడుసార్లు ఉన్నాను అనెయ్యండి. సరిపోతుంది."

"అనడానికి నాకేం అభ్యంతరం తల్లీ? గంట మోగితే కదా అనాలి! లేనివాళ్ళకి గంట కొట్టరట." పేపరు మడిచి ఆయన గొంతు తగ్గించారు. "పెళ్ళిళ్ళు రాయడం ఈ సౌధంలో నాకు తప్ప ఇంకెవరికీ రాదు. ఇందాక ఎక్సైజువాళ్ళు ఒక జంటకి రాశారట. ఏడాదికోసారి రెన్యువల్ చేయించుకోమన్నారు."

ప్రసూనకి ఒక్క క్షణం అది ముద్దుగానే తోచింది, ఏటేటా పెళ్ళి. అంతలోనే అసలు సంగతి గుర్తొచ్చింది. ఎక్సైజు పెళ్ళిని కాలేజీవాళ్ళు ఒప్పుకోరు. గవర్రాజు గారు లేకపోతే ధ్రువపత్రం లేదు, ధ్రువపత్రం లేకపోతే బదిలీ లేదు. ఇంకో ఏడాది "తిన్నావా? తిన్నావా?"

సోమవారం రైలు ఆలస్యమై, ఫణి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. సాక్షులుగా వాళ్ళమ్మ కాంతం గారినీ, బుల్లబ్బాయి మావయ్యనీ వెంటబెట్టుకుని సౌధం దగ్గరికొచ్చాడు. మూడో సాక్షి ఇమ్మానుయేలు గారు లోపలే ఉన్నారు. ఫణిని చూడగానే ప్రసూనకి నవ్వాగలేదు. కాలరు ఒకవైపు మడతపడి ఉంది. సర్దబోయి, అత్తగారు చూస్తున్నారని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సర్దవే, నేనటు చూస్తాలే," అన్నారు కాంతం గారు అటు తిరక్కుండానే.

షామియానా కింద పరాంకుశం గారు తెర చూసి, "పొట్లములు వరుసగా రావలెను," అన్నారు. "అమ్మాయి ఎనిమిది, అబ్బాయి మూడు, పెద్దావిడ పదకొండు, ఆ పెద్దమనిషి అయిదు."

"సర్, మేమందరం ఒకే పని మీద..."

"ఉష్! పొట్లము తనంతట తాను విప్పుకొనుట కూడా నిబంధనకు విరుద్ధము."

"ఇద్దర్నీ ఒక్కచోటికే పంపండి సర్. కొత్తగా పెళ్ళయినవాళ్ళం."

"ఒకే కౌంటరుకు ఇద్దరా? అది భారము కదమ్మా! నీకు నేను చెప్పవలెనా?"

అప్పుడు తెలిసింది ప్రసూనకి తను చేసిన పని ఎలాంటిదో. పెళ్ళంటే ఇద్దరు ఒక్కచోట చేరడం. పరాంకుశం గారి పద్ధతేమో ఏ ఇద్దరూ ఒక్కచోట చేరకుండా చూడడం. ఆ గుమ్మంలోంచి ఎన్నిసార్లు వెళ్ళినా, వధువొక శాఖ, వరుడొక శాఖ, సాక్షులు తలో దిక్కు.

వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే తిరిగొచ్చారు. ఫణి చేతిలో నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచీ, అందులో చేపపిల్లలు.

"ఏమిటివి?"

"మత్స్యశాఖ. చెరువు ఎన్ని ఎకరాలని అడిగారు. లేదన్నాను. అయినా పట్టుకెళ్ళమన్నారు. చూడు, ఈ చిన్నది ఎంత హుషారుగా ఉందో."

ఇద్దరూ సంచీ ఎత్తి ఒక నిమిషం చేపపిల్లల్ని చూసుకున్నారు. ఈలోగా కాంతం గారు మొహం కందగడ్డలా చేసుకుని వచ్చారు. "తూనికల వాడు నన్ను కాటా ఎక్కించాడర్రా. పైగా అంకె గట్టిగా చదివాడు. అందరూ విన్నారు!"

"నాకు బానే ఉందక్కయ్యా," అన్నాడు బుల్లబ్బాయి మావయ్య. "చౌకడిపో వాళ్ళు కాఫీ ఇచ్చారు. కానీ ప్రసూనా, ఆ గుమ్మం దగ్గరాయనెవరో గాని, నాలాగే చేతులూపుతున్నాడేమిటే? చూస్తే ముచ్చటేసింది."

ప్రసూన టైము చూసుకుంది. గడియారం నాలుగు దాటింది. ఆమెని పంపిన ఎనిమిదో కౌంటరు ఇమ్మానుయేలు గారిదే. అక్కడ ఆయన ముందు ఉత్తర్వు కాగితం పెట్టి ఇందాకే ఒక వాక్యం చూపించింది. పడిపోయిన కౌంటరు మరమ్మతు అనంతరము యోగ్యతాపత్రము సమర్పించిన యెడల మరల గంటకు అర్హమగును.

"యోగ్యతాపత్రం ఎవరివ్వాలి?" అన్నాడాయన.

"ఏ కౌంటరైనా ఏ పత్రమైనా ఇవ్వొచ్చు కదండీ."

ఇమ్మానుయేలు గారి మొహం శుక్రవారం తరవాత మొదటిసారి వెలిగింది. స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని గవర్రాజు గారి దగ్గరికి నడిచారు. "నోరు తెరవండి మాస్టారూ."

ఆయన దగ్గరున్నది పశువుల ఫారమొక్కటే. దాన్నే పైనుంచి కిందికి నింపారు. జాతి, దేశవాళీ. కొమ్ములు, లేవు. గాలికుంటు జబ్బు, లేదు. మేత, సక్రమముగా తీసుకొనుచున్నది. నెమరు, అతిగా వేయుచున్నది.

"చివరిది కొట్టెయ్యండి డాక్టరు గారూ," అన్నారు గవర్రాజు గారు కిళ్ళీ పక్కకి తోసుకుంటూ.

"సత్యం రాయకపోతే నా ఉద్యోగం పోతుందండీ."

ఆ పత్రం చూసి పరాంకుశం గారు సంతృప్తిగా తలాడించి గంట నొక్కారు. లోపల్నుంచి "ఉన్నాను!" అని వినిపించింది. రెండోసారి ఇంకొంచెం గట్టిగా. మూడో "ఉన్నాను" కిటికీ అద్దాలు అదిరేలా ఉంది. మూడురోజులుగా లేనివాడు కదా మరి. తెర మీద గవర్రాజు గారి గడి పచ్చగా మారింది. సీలు తిరిగొచ్చింది. భారం, సున్నా.

అంటే ఇప్పుడు గుమ్మంలోంచి వెళ్ళే మొదటి పొట్లం తిన్నగా ఆయన దగ్గరికే వెళ్తుంది. కాని మొదటిది మాత్రమే. రెండోది మళ్ళీ ఎక్కడికో.

"ఒక్కరే వెళ్ళాలి," అంది ప్రసూన, గుమ్మం పక్కన అందరినీ పోగేసి. "వెళ్ళాల్సింది అయిదుగురు. కళ్ళముందు గవర్రాజు గారున్నారు, మనమున్నాం, అయినా కుదరదు." ఫణి వైపు తిరిగింది. "ఫణీ, నువ్వు మళ్ళీ రాత్రి రైలెక్కెయ్యాలేమో."

ఫణి చేపపిల్లల సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

కాంతం గారికి విసుగొచ్చింది. "ఒక్కరే ఒక్కరే అంటావేమిటే? ఇద్దరెందుకవుతారు మీరు? పెళ్ళినాడు కొంగుముడి వేసింది ఎందుకనుకున్నావు, ఫోటోకా?"

ప్రసూన ఆవిడ వంక కళ్ళప్పగించి చూసింది. రోజూ పైన సర్వర్ల గదిలో తను చేసే పనే అది. రెండు తీగలు కలిపి కట్ట కట్టి, ఇది రెండు కాదు ఒకటే అని కంట్రోలరుకి చెబుతుంది. కంట్రోలరు మారుమాట్లాడకుండా నమ్ముతుంది. తీగల విషయంలో తట్టింది మనుషుల విషయంలో తట్టలేదు.

"అత్తయ్యగారూ," అంది, "ముడి వెయ్యండి. గట్టిగా."

ప్రసూన చీరకొంగుకీ ఫణి భుజానున్న ప్రయాణపు సంచి పట్టీకీ ఒక ముడి. ఆ పట్టీ రెండో కొసకీ కాంతం గారి కొంగుకీ ఇంకోటి. ఆవిడ కొంగుకి బుల్లబ్బాయి మావయ్య కండువా. కండువాకి ఇమ్మానుయేలు గారి స్టెతస్కోపు. ఆయన కౌంటరు వదిలి బయటికొచ్చేశారు.

"గంట మోగితే మీరు పడిపోతారేమో డాక్టరు గారూ," అంది ప్రసూన.

"పడిపోనీ అమ్మా. రెండ్రోజులు పేపరు చదువుకుంటాను."

"పెళ్ళిలో కూడా ఇంత గట్టిగా వెయ్యలేదు," అని కాంతం గారు ఆఖరి ముడి పళ్ళతో బిగించారు. అయిదుగురూ, చేపపిల్లలతో సహా, పక్కపక్కగా జరుగుతూ షామియానా కిందికి వచ్చి నిలబడ్డారు.

పరాంకుశం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆ చివర్నించి ఈ చివరికీ, ఈ చివర్నించి ఆ చివరికీ చూశారు.

"ఇది ఒక పొట్లమా, అయిదు పొట్లములా?"

"విప్పి చూస్తే గాని తెలీదు సర్," అంది ప్రసూన.

షామియానా గుడ్డ గాలికి టపటపలాడింది. పరాంకుశం గారు ఉత్తర్వు తీశారు. మొదటి పేరా చదివారు. మళ్ళీ చదివారు. తను రాసిన వాక్యం తన కళ్ళకే ఎంత గంభీరంగా కనిపించిందో ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది.

"విప్పరాదు," అన్నారు చివరికి, న్యాయమూర్తిలా. "ఒక పొట్లము. నాలుగవ కౌంటరు."

నాలుగు గవర్రాజు గారిది.

మూడురోజులు ఖాళీగా ఉన్న మనిషి పెళ్ళి నమోదు ఎంత వేగంగా చేస్తాడో అప్పుడు చూడాల్సింది. శుభలేఖ చూశారు, ఫోటో చూశారు, సాక్షుల చేత సంతకాలు పెట్టించారు. ఒకరు సంతకానికి వంగితే మిగతా నలుగురూ వంగారు. సీలు పడింది. "దీర్ఘ సుమంగళీభవ," అని గవర్రాజు గారు తన తరఫున ఒకటి కలిపి కాగితం అందించారు. ప్రసూన దాన్ని అక్కడే ఫోనుతో ఫోటో తీసి ఫణి కాలేజీ సైటుకి ఎక్కించింది. అప్‌లోడ్ గుండ్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. అందినది అని వచ్చింది. ఐదుకి ఇంకా కాస్త టైముంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫణి ఒంగి ఆమె చెవిలో, "రేపు పొద్దున్న టిఫిను ఏం చేస్తావు?" అన్నాడు. పెళ్ళయ్యాక ప్రసూన విన్న మాటలన్నిటిలోకీ అదే తియ్యగా తోచింది.

"పెసరట్టు," అంది. "నువ్వు అల్లం తరుగు."

ముడులు ఊడి రాలేదు. కాంతం గారి పళ్ళు గట్టివి. అలాగే అయిదుగురూ పక్కపక్కగా గుమ్మం మెట్లు దిగి బయటికొచ్చారు.

షామియానా కింద పరాంకుశం గారు లేచి నిలబడి ఉన్నారు. ఆయన చూపు తెర మీదే ఉంది. కళ్ళు మళ్ళీ చెమర్చి ఉన్నాయి.

"అమ్మా ప్రసూనా! అయిదుగురు వ్యక్తులు. ఒకే పొట్లము! భారము అయిదవ వంతుకు పడిపోయినది! ఈ ఆలోచన నాకు మునుపే ఎందుకు చెప్పలేదు?"

"సర్, అది..." అని మొదలుపెట్టింది ప్రసూన. అప్పటికే ఆయన మైకు అందుకున్నారు. సౌధం మీద ఉన్న బాకాలు గరగరలాడాయి. వీధిలో సైకిళ్ళు ఆగాయి.

"పౌరులకు విజ్ఞప్తి. రేపు ఉదయము పది గంటల నుండి సౌధమునకు విచ్చేయు పొట్లములు విడివిడిగా స్వీకరింపబడవు. ఇరువది మందికి తక్కువ కాకుండా కట్టగా కట్టబడి లోనికి పంపబడుదురు. కట్టు నాణ్యతను నెట్‌వర్కు విభాగపు కుమారి ప్రసూన..."

"శ్రీమతి!" అని అరిచారు కాంతం గారు.

"...శ్రీమతి ప్రసూన పర్యవేక్షించెదరు. తాడు ఎవరిది వారే తెచ్చుకొనవలెను."